మఖమల్ భూగోళం

మేస్త్రి మంచివాడే. ఆ సంగతి ముందే చెప్పేస్తే, తర్వాత ఆయన మొండితనం గురించి ఎంత చెప్పినా పాపం అంటదు.

నాటకశాలలకు తెరలు కుట్టడం ఆయన వృత్తి. తెరలంటే కిటికీలకు వేలాడదీసే గుడ్డలు కావు. రెండంతస్తుల ఎత్తు ఉండి, నలుగురు కలిసి మోస్తే గానీ కదలని మఖమల్ తెరలు. అవి లేని రోజుల్లో వాయిద్యాల పెట్టెలకు లోపలి గుడ్డ, నగల కొట్లవాళ్లకు చిన్న చిన్న పెట్టెలు, ఎప్పుడైనా ఒక కోటు. మఖమల్ కాని గుడ్డ ఎవరైనా తెస్తే, "పక్క వీధిలో బోలెడుమంది ఉన్నారండీ, చక్కగా కుడతారు" అని మర్యాదగా సాగనంపేవాడు. ఆ మర్యాదలో కాస్త ఎత్తిపొడుపు కలిసే ఉండేది. ఊరంతా ఆయన్ని మఖమల్ మేస్త్రి అనే పిలిచేది. అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉండేది. అది వచ్చినప్పుడల్లా, ఇదెవరిదా అని ఆయనే ఓ క్షణం ఆలోచించేవాడు.

మఖమల్ సంగతి తెలియనివాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. ఆ గుడ్డ మీద సన్నని నూగు ఉంటుంది. అది నిటారుగా నిలబడదు, ఒక పక్కకి వాలి ఉంటుంది. వాలు వెంట చెయ్యి పోనిస్తే జర్రున జారిపోతుంది. ఎదురు పోనిస్తే గరగరమంటూ ఆపుతుంది. ఇంకో చిక్కేమిటంటే, వాలు మారితే రంగు మారినట్టు కనబడుతుంది. ఒకే తానులోంచి కోసిన రెండు ముక్కల్ని ఒకటి తలకిందులుగా పెట్టి కుట్టారంటే, దీపాల వెలుగులో ఒకటి ముదురుగానూ ఒకటి లేతగానూ కనబడి కుట్టినవాడి పరువు తీస్తాయి. పని నేర్పిన గురువు మొదటిరోజే చెప్పాడు: "గుడ్డకి తలెటో, కాళ్లెటో ముందు తెలుసుకో. కత్తెర సంగతి తర్వాత." మేస్త్రి ఆ మాట పట్టుకున్నాడు, ఇక వదల్లేదు. నలభై ఏళ్లలో ఆయన కుట్టిన ఏ గుడ్డా రెండు దిక్కులకు వాలిన పాపాన పోలేదు. ఆ గర్వం ఆయన నడకలో కూడా కనిపించేది.

కింద కొట్టు, పైన రెండు గదులు. కొట్టు నిండా ఒక పొడుగాటి బల్ల. బల్ల ఆ చివర ఆయన భార్య కూచుని కాజాలు కుట్టేది, బొత్తాలు వేసేది, భర్త మాట్లాడిన ప్రతి మాటకూ ఒక వంక పెట్టేది. కూతురు బస్సు డిపోలో టిక్కెట్ల కిటికీ దగ్గర పనిచేసేది. పొద్దున్నే పోయే మనిషి కాబట్టి మనవరాలు ఎక్కువగా ఆ బల్ల కిందే పెరిగింది.

ఆ పిల్ల చూపు లేకుండా పుట్టింది. తెలిసిన కొత్తలో ఇంట్లో అందరూ ఏడ్చారు. ఆ తర్వాత పిల్ల పాకడం నేర్చి, అందినదల్లా లాగి, ఇల్లు పీకి పందిరి వెయ్యడం మొదలుపెట్టేసరికి ఏడవడానికి ఎవరికీ తీరిక లేకపోయింది. తాతే గడుగ్గాయి అని పేరు పెట్టాడు. పదమూడేళ్లొచ్చినా ఆ పేరు పోలేదు, ఆ గుణమూ పోలేదు.

గడుగ్గాయికి దారులన్నీ గాలితో తెలిసేవి. ఎడమ చెంప మీద చల్లగా కొట్టిందంటే వంతెన వచ్చిందన్నమాట. ఉన్నట్టుండి గాలి ఆగిపోతే గోదాముల గోడ పక్క నడుస్తున్నామన్నమాట. తాత చెయ్యి పట్టుకుని బడికి నడుస్తూ ఒకరోజు అడిగింది.

"తాతయ్యా, ఈ గాలి ఎక్కణ్ణుంచి బయల్దేరింది?"

"వంతెన మీంచి."

"అంతకుముందు?"

"నీళ్ల మీంచి."

"అంతకుముందు?"

"నా తలకాయ మీంచి. నడువ్, గంట కొట్టేస్తారు."

బడిలో అదే ప్రశ్న భూగోళం చెప్పే టీచరమ్మను అడిగింది. ఆవిడ నవ్వలేదు. "దానికి జవాబు చెప్పాలంటే భూమి మొత్తం తిరిగి రావాలి. తిరుగుదామా?" అంది. అంతే, ఆ రోజునుంచి ఆ పిల్లకి భూగోళం పిచ్చి పట్టుకుంది.

పిచ్చి పట్టినా బాధ లేకపోయేది గానీ, పై తరగతికి వెళ్లేముందు ఎవరికి వాళ్లు పాఠాలు ఎంచుకోవాలి. మేస్త్రిని బడికి రమ్మని కబురొచ్చింది. బడిని నడిపే పెద్ద మేడమ్ ముక్కుసూటి మనిషి, చెడ్డది కాదు. కుర్చీ చూపించి, చుట్టు తిప్పకుండా చెప్పేసింది.

"మీ మనవరాలు చురుకైన పిల్ల, కాదనను. కానీ భూగోళంలో సగం పటాలే. చదివి వినిపిస్తే తు.చ. తప్పకుండా అప్పజెబుతుంది. అప్పజెప్పడం వేరు, తెలియడం వేరు. తీరా చేరాక తప్పిందనుకోండి, ఏడాది పోతుంది, ధైర్యం కూడా పోతుంది. గొంతు బాగుంది కదా, సంగీతంలో వేద్దాం."

టీచరమ్మ పక్కనే నిలబడి ఉంది. "ఒక్కసారి మీరే పరీక్ష చేసి చూడండి మేడమ్," అంది.

పెద్ద మేడమ్ కాసేపు ఆలోచించింది. "సరే. గాలుల పాఠం ఇవ్వండి. భూమి మీద గాలులు ఎటునుంచి ఎటు పోతాయో చేత్తో చూపించాలి, ఎందుకలా పోతాయో చెప్పాలి. చూపిస్తే భూగోళం. లేకపోతే సంగీతం, మళ్లీ ఎవరూ నా దగ్గర ఈ మాటెత్తకూడదు."

తాత పక్కనే నిలబడి అంతా విన్న గడుగ్గాయి ఇంటికొచ్చేదాకా నోరు విప్పలేదు. అది నోరు విప్పకపోవడమంటే ఇంట్లో అందరికీ భయమే. కొట్లోకొచ్చి స్టూలు మీద కూచున్నాక అంది: "నాకు సంగీతం ఇష్టమే తాతయ్యా. కానీ వేరేది రాదని ఇస్తే నాకొద్దు." మేస్త్రి టేపు తీసి, అప్పటికే కొలిచిన గుడ్డని మళ్లీ కొలిచాడు.

రెండ్రోజుల తర్వాత టీచరమ్మ ఒక అట్ట పట్టుకుని కొట్టుకే వచ్చింది. అట్ట మీద గాలులు పోయే దారులన్నిటికీ దారాలు అంటించింది, దారం చివర బాణంలాగా ముడి వేసింది. పాపం ఎన్ని గంటలు కూచుందో. గడుగ్గాయి వేళ్లతో అంతా తడిమింది.

"టీచర్, ఇక్కడ దారం ఉందని తెలుస్తోంది. ఎటు పోతోందో తెలియట్లేదు. ముడి దొరికేదాకా వెతుక్కోవాలి. అది దొరికేసరికి ముందు దారం ఎక్కడుందో మర్చిపోతున్నా."

టీచరమ్మ మొహం చిన్నబోయింది. మేస్త్రి అప్పుడు బల్ల మీద తెర అంచు కత్తిరిస్తున్నాడు. కత్తిరించిన ముక్కని మనవరాలి చేతి కిందికి తోశాడు.

"ఇదెటు పోతోందే?"

"ఇటు," అంది గడుగ్గాయి, చెయ్యి పెట్టీ పెట్టకముందే.

ముక్క తిప్పాడు. "ఇప్పుడు?"

"ఇటు. అదేం ప్రశ్న తాతయ్యా, నూగుంది కదా?"

టీచరమ్మ కూడా ఆ ముక్క తీసుకుని ఇటూ అటూ నిమిరింది. మళ్లీ నిమిరింది. "మేస్త్రిగారూ, దీంతో బంతి కుట్టగలరా?" అంది.

"తెర పని నెత్తి మీద పెట్టుకుని బంతులు కుడతారా!" అంది బల్ల ఆ చివర్నుంచి అమ్మమ్మ. "గాలికి పోయే కంపని ఒంటికి తగిలించుకోవడమంటే ఇదే." అంటూనే లేచి, పైన అటక మీదున్న పాత పరుపు విప్పి దూది పట్టుకొచ్చింది. ఆవిడ నోటికీ చేతికీ ఎప్పుడూ పొత్తు కుదరదు.

మందపాటి కాన్వాసు గుడ్డ కుట్టి, దూది కూరి, పెద్ద గుమ్మడికాయకి రెండింతలుండే బంతి తయారుచేశారు. పైన ఇత్తడి బొత్తం ఒకటి వేశారు, అది ఉత్తర ధ్రువం. టీచరమ్మ సుద్దముక్కతో దాని మీద అడ్డంగా గీతలు గీసి పాఠం మొదలుపెట్టింది. పాఠం గడుగ్గాయికే గానీ, మేస్త్రీ, అమ్మమ్మా కూడా పని ఆపి విన్నారు.

"ఇదిగో, ఈ మధ్య గీత దగ్గర ఎండ నిటారుగా పడుతుంది. చివరల దగ్గర ఏటవాలుగా, పడీపడనట్టు పడుతుంది. అందుకని మధ్యలో గాలి బాగా వేడెక్కి, తేలికై పైకి లేస్తుంది. అది లేచిన చోటు ఊరికే ఖాళీగా ఉండదు కదా, నేల వెంట రెండు పక్కల్నుంచీ గాలి అక్కడికి వచ్చి చేరుతుంది."

"మరి పైకి పోయింది?" అంది గడుగ్గాయి.

"పైపైన ధ్రువాల వైపు బయల్దేరుతుంది. కానీ అంతదూరం పోలేదు. దార్లోనే, ఓ మూడో వంతు పోయేసరికి, చల్లబడి బరువెక్కి కిందికి దిగుతుంది. దిగినదాంట్లో కొంత మళ్లీ మధ్యకి వస్తుంది, కొంత ధ్రువం వైపు పోతుంది. అటు ధ్రువం దగ్గర మంచు మీద గాలి చల్లగా, బరువుగా ఉంటుంది. అది నేల పట్టుకుని ఇటు పాకి వస్తుంది. ఇవి రెండూ దార్లో ఎదురుపడతాయి. పైన సగంలో మూడు పట్టీలు, కింద సగంలో మూడు పట్టీలు."

"అయితే నూగు నిలువుగా పెట్టి కుట్టేద్దాం," అన్నాడు మేస్త్రి.

"అక్కడే ఉంది తిరకాసు. భూమి తిరుగుతోంది కదా! గాలి నేరుగా పోదు, పక్కకి ఒరుగుతుంది."

ఎందుకు ఒరగాలో ఎంత చెప్పినా ఎవరికీ ఎక్కలేదు. అప్పుడు అమ్మమ్మకే తోచింది. నాటకంలో నాట్యం చేసే పిల్ల కోసం కుట్టిన, అంచు వెడల్పుగా విచ్చుకునే మఖమల్ గౌను ఒకటి కొక్కేనికి వేలాడుతుంటే తీసి మనవరాలికి తొడిగింది. ఒక చేత్తో నడుం దగ్గర, ఒక చేత్తో కింద అంచు పట్టించి గుండ్రంగా తిప్పింది.

"ఏది ఎక్కువ దూరం తిరుగుతోందే?"

"అంచు. నడుం దగ్గర ఇంతే."

టీచరమ్మ అందుకుంది. "సరిగ్గా అదే! భూమి మధ్య గీత గౌను అంచు. ధ్రువం నడుం. ఒకే రోజులో ఒకే చుట్టు తిరగాలి కాబట్టి అంచు జోరుగా పరుగెడుతుంది, తూర్పు వైపు. ఇప్పుడు అంచు వైపు నుంచి గాలి నడుం వైపు పోయిందనుకో."

"జోరు మీదుంటుంది కాబట్టి అక్కడి నేలకంటే ముందుకు పోతుంది. తూర్పుకి ఒరుగుతుంది."

"నడుం నుంచి అంచుకి వస్తే?"

"మెల్లగా వస్తుంది కాబట్టి వెనకబడిపోతుంది. పడమటికి ఒరుగుతుంది." గడుగ్గాయి గౌను అంచు గట్టిగా పట్టుకుని నవ్వింది. "మధ్యకి వచ్చేది వెనకబడుతుంది, చివరికి పోయేది ముందుకు పోతుంది. పైన సగమైనా కింద సగమైనా అంతే కదా టీచర్?"

"అంతే. దీనికి లెక్కలు ఇంకా ఉన్నాయి, పై తరగతిలో చదు..." అని టీచరమ్మ మధ్యలో ఆగిపోయింది. సుద్దముక్క మేస్త్రి చేతిలో పెట్టింది.

మేస్త్రి పనిలోకి దిగాడు. నాటకశాల తెరలో మిగిలిన ముదురు నీలం మఖమల్ తీశాడు. గాలి పైకి లేచే మధ్య గీత దగ్గరా, కిందికి దిగే చోట్లా గాలి పెద్దగా వీచదని టీచరమ్మ చెప్పింది కాబట్టి అక్కడ నూగు లేని నున్నటి శాటిన్ పట్టీలు వేశాడు. మిగతా పట్టీలకు వెనకవైపు సుద్దతో బాణాలు గీసుకుని, కత్తిరించి, బంతి చుట్టూ చేత్తో కుట్టాడు. పూర్తయ్యాక దూరం నుంచి చూసుకున్నాడు. ఎక్కడా రంగు తేడా లేదు. నిండు నీలంగా నిగనిగలాడుతోంది. మీసం దువ్వుకుని మనవరాల్ని పిలిచాడు.

గడుగ్గాయి బొత్తం దగ్గర్నుంచి కిందిదాకా అరచెయ్యి పోనిచ్చింది. పక్కకి తిరిగి మళ్లీ పోనిచ్చింది.

"తాతయ్యా, ఈ భూమ్మీద ఒకటే గాలి."

"ఏంటీ?"

"పైనుంచి కిందికి జర్రున పోతోంది. ఎక్కడా తిరగట్లేదు."

"నీ చెయ్యి సరిగ్గా పెట్టు ముందు," అన్నాడు మేస్త్రి. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం మరి. కానీ అనుమానమొచ్చి తనూ నిమిరి చూశాడు. చెంప ఆనించి చూశాడు. పిల్ల చెప్పిందే నిజం. బాణాలు గీసింది ఆయనే, గీసిన బాణాల్ని లెక్కచెయ్యకుండా ప్రతి ముక్కనీ తిప్పి ఒకే వాలుకి తెచ్చిందీ ఆయన చేతులే. ఆయన్ని అడక్కుండానే తెచ్చేశాయి.

"మొక్కై వంగనిది మానై వంగుతుందా," అంది అమ్మమ్మ, బొత్తం దారం పంటితో తెంపుతూ.

అంతా విప్పాల్సి వచ్చింది. రెండోసారి గడుగ్గాయిని ఎదురుగా కూచోబెట్టుకున్నాడు. సూది దిగేముందు ప్రతి ముక్కా దాని చేతి కిందినుంచి పోవాలి. వాలు సరిగ్గా ఉంటే "ఊఁ" అనేది, లేకపోతే "ఊహూఁ" అనేది. ఊహూఁ అన్నప్పుడల్లా మేస్త్రి ఒళ్లు మండేది, కానీ తిప్పి పెట్టేవాడు. అలా అలా బంతి నిండింది. చూస్తే ఒక పట్టీ ముదురు, ఒక పట్టీ లేత, ఇంకోటి మధ్యరకం. నేర్చుకునే కుర్రకుంక కూడా అలా కుట్టడు. కొట్టుకి ఎవరైనా వస్తే చాలు, మేస్త్రి దాని మీద గుడ్డ కప్పేసేవాడు. ఒకాయన గుడ్డ తొలగించి చూసి, ఇదేంటని అడిగితే, "ఎవరో రిపేరుకిచ్చారు" అన్నాడు. గడుగ్గాయి వింది.

పరీక్ష రోజు గడుగ్గాయి వాళ్లమ్మతో ముందే బడికి వెళ్లిపోయింది. బంతి తీసుకుని మధ్యాహ్నం మేస్త్రి వెళ్లాలి. బయల్దేరేముందు చివరిసారి చూద్దామని గుడ్డ తీశాడు. కింది సగంలో, మధ్య గీత పక్కనున్న పట్టీకి ఒకచోట చిన్న ముడత కనబడింది. అంత చిన్నది ఎవరూ పట్టించుకోరు. కానీ రంగులు మారిపోయిన గుడ్డను మనవరాలి కోసం ఎలాగో భరించిన మనిషి, ముడతను మాత్రం భరించలేకపోయాడు. ఆ పట్టీ మొత్తం విప్పాడు, ఆవిరి పట్టి సాపు చేశాడు, చకచకా మళ్లీ కుట్టేశాడు. ముడత మాయమైంది. తృప్తిగా మూట కట్టి, దాన్ని మోసుకుంటూ అంతదూరం నడవలేక బస్సెక్కి, చంటిపిల్లాణ్ణి పెట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని కూచున్నాడు.

పెద్ద మేడమ్ గదిలో కిటికీ పక్క బల్ల మీద బంతి పెట్టారు. టీచరమ్మ ఓ పక్కగా నిలబడింది, మేస్త్రికి తలుపు దగ్గర కుర్చీ వేశారు. "మీరు ఉండొచ్చు, కానీ నోరు మెదపకూడదు. దగ్గినా అందించినట్టే లెక్క," అంది పెద్ద మేడమ్. నవ్వుతూనే అంది గానీ, ఉత్తిమాట కాదు.

గడుగ్గాయి బొత్తం వెతికి పట్టుకుంది. అక్కణ్ణుంచి మొదలుపెట్టింది. మంచు మీంచి పాకి వచ్చే గాలి ఎందుకు పడమటికి ఒరుగుతుందో చెప్పింది. దాని కింది పట్టీ మీద అరచెయ్యి ఎదురు దిక్కుకి జార్చి, ఇది చివరికి పోయే గాలి కాబట్టి ముందుకు పోతుందంది. గౌను సంగతి చెబితే పెద్ద మేడమ్ కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. మధ్య శాటిన్ పట్టీ దగ్గరికొచ్చాక రెండు చేతులూ బంతి మీంచి ఎత్తి, గాల్లో పైకి, పక్కలకి, కిందికి తిప్పి చూపించింది. "ఇది గుడ్డ మీద కుట్టడానికి కుదర్లేదు మేడమ్, పైకి పోయే గాలి కదా."

తలుపు దగ్గర మేస్త్రికి ఊపిరి కాస్త తేలికపడింది.

గడుగ్గాయి చెయ్యి మధ్య గీత దాటి కింది సగంలోకి వచ్చింది. వచ్చి ఆగింది. వెనక్కి పోయి మళ్లీ వచ్చింది. మళ్లీ ఆగింది.

మేస్త్రి అప్పుడు బంతి వంక సరిగ్గా చూశాడు. కిటికీ వెలుగు దాని మీద పడుతోంది. మధ్య గీతకు పైనున్న పట్టీ, కిందనున్న పట్టీ, రెండూ ఒకే రంగులో మెరుస్తున్నాయి. ఎంత ముచ్చటగా ఉందో! అంత ముచ్చటగా ఉందంటే తప్పన్నమాట. బయల్దేరేముందు ముడత తీసిన పట్టీ అది. పిల్ల పక్కన లేకుండా, ఊఁ అనేవాళ్లు లేకుండా కుట్టిన ఒకే ఒక్క పట్టీ. చేతులు మళ్లీ వాటి బుద్ధి చూపించాయి.

"ఏమ్మా? గుర్తు రావట్లేదా?" అంది పెద్ద మేడమ్.

గడుగ్గాయి మొహం తలుపు వైపు, తాత కూచున్న వైపు తిప్పింది. దానికి అర్థమైపోయిందని మేస్త్రికి తెలిసిపోయింది. తప్పెవరిదో దానికి తెలుసు. అది పైకి చెబితే తాతకి ఎలా గుచ్చుకుంటుందో కూడా తెలుసు. రిపేరుకొచ్చిందని అబద్ధమాడి గుడ్డ కప్పిన మనిషి ఆయన. చెయ్యి పైపైన పోనిచ్చి, పాఠంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పేస్తే ఈ గదిలో ఎవరికీ తెలియదు. కళ్లున్న వాళ్లకి అది మెరిసే గుడ్డ, అంతే.

"కింది సగంలో కూడా..." అని గడుగ్గాయి మొదలుపెట్టింది. చెయ్యి మళ్లీ ఆ పట్టీ మీదికే పోయింది.

మింగలేక కక్కలేక కూచున్నాడు మేస్త్రి. లేచి అరవాలని ఉంది. చెప్పవే తల్లీ, మా తాత ఒట్టి వెధవ అని చెప్పు, ఈ ఊరంతా వినేలా చెప్పు. కుర్చీ అంచు రెండు చేతులా పట్టుకుని, దగ్గు కూడా రాకుండా నోరు బిగించుకున్నాడు.

గడుగ్గాయి చెయ్యి బంతి మీంచి తీసింది.

"ఇక్కడ గుడ్డ తప్పు చెప్తోంది మేడమ్."

"గుడ్డ తప్పా, నువ్వు మర్చిపోయావా?"

"గుడ్డదే. మధ్యలో గాలి పైకి పోతోంది కదా, ఆ ఖాళీలోకి రెండు పక్కల్నుంచీ రావాలి. పైనుంచి వస్తోంది, అది సరిగ్గానే ఉంది. కిందనుంచి రావట్లేదు, ఇంకా దూరంగా పారిపోతోంది. అలా అయితే పై సగం గాలి మధ్య గీత దాటి కిందికి పోతూనే ఉంటుంది. మరి ఇక్కడ గాలి ఆగిన ఈ నున్నటి పట్టీ ఎందుకుంటుంది? అది కాదు మేడమ్. ఇలా రావాలి." చూపుడు వేలు పెట్టి నూగుకి ఎదురుగా, కిందనుంచి మధ్య గీత దాకా, పడమటికి వంచుతూ లాగింది. నూగు లేచి, వేలు పోయిన మేర నల్లటి గీత పడింది. "మధ్యకి వస్తూ వెనకబడుతుంది. మా తాతయ్య ఇక్కడ తప్పు కుట్టాడు."

పెద్ద మేడమ్ లేచి వచ్చి తన చేత్తో ఆ రెండు పట్టీలూ నిమిరి చూసింది. టీచరమ్మ కూడా నిమిరింది, నాలుక కరుచుకుంది.

"మేస్త్రిగారూ, ఇప్పుడు మాట్లాడొచ్చు. నిజమేనా?"

మేస్త్రి లేచి నిలబడ్డాడు. "తప్పే మేడమ్. నాదే," అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. సిగ్గుతో కాదు. జీవితంలో ఎవరైనా తన పనికి వంక పెడితే ఇంత సంతోషం కలుగుతుందని ఆయన అనుకోలేదు.

"పరీక్ష కోసం కావాలనే ఇలా కుట్టారా?"

"అంత తెలివి నాకెక్కడిదండీ!"

పెద్ద మేడమ్ నవ్వాపుకుంటూ కుర్చీలో కూచుని కళ్లజోడు పెట్టుకుంది. టీచరమ్మ వైపు తిరిగి, "చుక్కల లిపి పుస్తకాలు రావడానికి ఆలస్యమవుతుంది. పై తరగతి భూగోళానికి ఇవాళే రాసి పంపించండి," అంది.

దారి పొడుగునా మేస్త్రి నోటికి మూత పడలేదు. బడి వాచ్‌మన్‌కి చెప్పాడు, బస్సు కండక్టరుకి చెప్పాడు, పక్క సీటులో కునుకు తీస్తున్న ఆయన్ని లేపి మరీ చెప్పాడు, తన మనవరాలు తన కుట్టులో తప్పు పట్టిందని. ఇంటికొచ్చి అమ్మమ్మకి చెబితే ఆవిడ కాజా కుడుతూ తలెత్తకుండానే, "పెళ్లయిన్నాటి నుంచీ నేను తప్పులు పడుతూనే ఉన్నాను. ఒక్కరోజైనా ఇలా ఊరంతా చాటుకున్నారా?" అంది. అని, కొంగుతో కళ్లొత్తుకుంది.

సాయంత్రం బల్ల దగ్గర ఇద్దరూ ఎదురెదురుగా కూచుని ఆ పట్టీ విప్పారు. గడుగ్గాయి ఊడిన దారప్పోగులు ఏరుతోంది. ఉండుండి అడిగింది.

"కోపమొచ్చిందా తాతయ్యా?"

"వచ్చింది. అంతసేపెందుకు ఆగావని."

"నువ్వు బాధపడతావని."

మేస్త్రి కత్తెర కింద పెట్టాడు. "పిచ్చిదానా, గుడ్డలో తప్పుంటే విప్పి మళ్లీ కుట్టొచ్చు. నాకోసం నువ్వు ఆ మాట మింగేసి ఉంటే, దాన్ని నేనెక్కణ్ణుంచి విప్పేవాణ్ణే?"

గడుగ్గాయి ఏరిన పోగులన్నీ తాత చేతిలో పెట్టి, చాలాసేపు ఆ చెయ్యి వదల్లేదు.